పెద్దవాళ్ల యాది తగ్గుతోందా? ఇంట్లో అరగంటలో చూసుకునే పద్ధతి

"మా అమ్మకు డెబ్బై రెండేండ్లు. చెప్పిందే చెప్తున్నది. ఇది వయసా, జబ్బా?" హన్మకొండ నుంచి అడిగినా, జనగామ నుంచి అడిగినా, ములుగు పల్లెల నుంచి అడిగినా ప్రశ్న ఇదే. చాలామంది దీని వెంటనే మాత్ర పేరు అడుగుతారు. మాత్ర సంగతి తర్వాత. యాది నిజంగా తగ్గిందా, తగ్గితే ఏ తీరుగా తగ్గింది అన్నది ముందు చూడాలి. దానికి కాగితం, పెన్ను, ఫోను, ఇంట్లో దొరికే పది వస్తువులు చాలు.

దీంతో జబ్బు పేరు తేలదు. డాక్టరు దగ్గరికి ఇప్పుడే పోవాలా, ఆరు నెలలు ఆగి మళ్లీ చూడొచ్చా అన్నంత వరకే తేలుతుంది. పోల్చేటప్పుడు కూడా పక్కింటి తాతతో పోల్చొద్దు. మీ తాత ఐదేండ్ల కింద ఎట్లా ఉండేవాడో దానితోనే పోల్చండి.

ఈ రోజు పరీక్ష పెట్టకూడనివాళ్లు

మూతి వంకర పోవడం, ఒక చెయ్యో కాలో పడిపోవడం, మాట ముద్దగా రావడం ఉన్నట్టుండి జరిగితే కాగితం పక్కన పడేసి 108కి ఫోన్ చేయండి.

నిన్నటిదాకా బాగున్న మనిషి ఈ రోజు మనుషులను గుర్తుపట్టక, పొద్దుమీకితే లేచి తిరుగుతూ, లేనివి కనబడుతున్నయంటే అది మెల్లగా వచ్చే మతిమరుపు కాదు. మూత్రంలో ఇన్ఫెక్షనో, రక్తంలో సోడియం తగ్గడమో, షుగర్ పడిపోవడమో, కొత్త మాత్రో కారణమై ఉంటుంది. అదే రోజు ఆసుపత్రికి తీసుకుపోవాలి.

గత రెండు మూడు నెలల్లో కింద పడి తలకు దెబ్బ తగిలి, ఇప్పుడు మత్తుగా ఉంటున్నారా? దెబ్బ చిన్నదైనా పెద్ద వయసులో మెదడు పైపొర కింద రక్తం మెల్లగా చేరొచ్చు. తలకు సీటీ స్కాన్ తీయించాకే మిగతాది.

జ్వరం ఉన్నప్పుడు, ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన కొత్తలో, ఇంట్లో చావు జరిగి నెల తిరగకముందు పరీక్ష పెట్టొద్దు. ఫలితం తప్పుగా వస్తుంది.

రోజూ కల్లు తాగే అలవాటుంటే ఇంకో చిక్కు. మన దగ్గర కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డయజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు పట్టుబడుతూనే ఉన్నాయి. ఆ మత్తులో ఉన్న మనిషి యాదిని కొలవలేం. అట్లాగని ఒక్కసారిగా మాన్పిస్తే ఫిట్స్, పిచ్చి చూపులు, వణుకు రావచ్చు. మాన్పించడం డాక్టరు చూపులోనే జరగాలి.

కావలసినవి

గీతలు లేని తెల్ల కాగితాలు మూడు, పెన్ను. సెకన్లు చూపే ఫోను (కాల్స్ రాకుండా పెట్టండి). వాళ్ల కళ్లద్దాలు, వినికిడి మిషన్ ఉంటే అది, కొత్త బ్యాటరీతో. ఒక టవలు. పది వస్తువులు: దువ్వెన, చెంచా, తాళంచెవి, ఉల్లిగడ్డ, అగ్గిపెట్టె, సబ్బు, గాజు, రూపాయి బిళ్ల, దారం ఉండ, కొబ్బరి చిప్ప. 100, 50, 20, 10 నోట్లు కొన్ని. గది తలుపు మూసుకునేటట్టు ఉండాలి, టీవీ బందు.

టైము: పొద్దున టిఫినూ చాయా అయినంక, తొమ్మిది పదకొండు మధ్యన. షుగర్ ఉన్నవాళ్లకు ఖాళీ కడుపుతో అస్సలు వద్దు. సాయంత్రం పెడితే బాగున్నవాళ్లు కూడా తడబడతారు.

1. అడిగి మొదలుపెట్టండి

దొంగచాటుగా ప్రశ్నలు వేయొద్దు. వాళ్లకు తెలిసిపోతుంది, మనసు నొచ్చుకుంటుంది. "బాపూ, బీపీ చూసుకున్నట్టే యాది గూడ ఒకసారి చూసుకుందాం. కొన్ని అల్కగుంటయి, కొన్ని ఎవ్వలకైనా కష్టమే" అంటే చాలు. వద్దంటే ఆ రోజుకు ఆపేయండి.

భాష సంగతి కూడా ఇక్కడే చూసుకోండి. చిన్నప్పుడు ఇంట్లో ఉర్దూ, లంబాడీ, కోయ మాట్లాడిన మనిషిని తెలుగులో అడిగితే తక్కువ వస్తుంది. ఆ భాష వచ్చిన బంధువుతో అడిగించండి.

2. చెవులు, కళ్లు

చాలామంది ఈ మెట్టు వదిలేస్తారు. ఎక్కువ తప్పుడు ఫలితాలు వచ్చేది ఇక్కడే. వెనుక చేయి చాపినంత దూరంలో నిలబడండి. వాళ్ల ఒక చెవిని వేలితో మూసి, గుసగుసగా మూడు అంకెలు చెప్పి తిరిగి చెప్పమనండి. రెండో చెవికి వేరే అంకెలు. రెండుసార్లు చెప్పినా అందకపోతే ముందు చెవి డాక్టరుకు చూపించాలి. ఒక్కోసారి లోపల గట్టిపడ్డ గుబిలి తీస్తేనే సగం "మతిమరుపు" పోతుంది. విననిది యాదికెట్లా ఉంటుంది?

కళ్లకు గోడ మీది క్యాలెండర్‌లో పెద్ద అంకెలు చదివించండి. చదువు రానివాళ్లకు మీ వేళ్లు చూపి లెక్కపెట్టించండి. శుక్లాలు ముదిరి ఉంటే గడియారం పరీక్ష, వస్తువుల పరీక్ష రెండూ చెల్లవు.

3. ముందు ఇంటివాళ్లను అడగండి, పెద్దవాళ్లు లేని చోట

అసలు సమాచారం ఎక్కువ ఇక్కడే దొరుకుతుంది. రోజూ వాళ్లతో ఉండే మనిషిని అడగాలి. హైదరాబాద్ నుంచి పండుగకొచ్చే కొడుకు కంటే ఇంట్లో ఉండే కోడలికి ఎక్కువ తెలుస్తుంది. కొన్నేండ్ల కిందటితో పోలిస్తే ఈ ఎనిమిదింటిలో మార్పు వచ్చిందా అని ఒక్కొక్కటే అడిగి, ఔను, కాదు, తెలియదు అని రాసుకోండి:

పైసల వ్యవహారంలో తప్పు నిర్ణయాలు. ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోవడం. అడిగిందే అడగడం, చెప్పిందే చెప్పడం. ఫోను, మిక్సీ, రిమోట్ లాంటివి వాడటం కొత్తగా కష్టం కావడం. నెల, సంవత్సరం తప్పడం. పింఛను, చిట్టీ, బ్యాంకు లెక్కలు తడబడటం. ఫలానా రోజు పెండ్లి ఉంది, డాక్టరు దగ్గరికి పోవాలి అన్నవి మరవడం. ఆలోచనలో, యాదిలో రోజూ తేడా కనబడటం.

ఏడీ-8 అనే ప్రశ్నావళిలో ఉండేవి ఈ ఎనిమిది విషయాలే. రెండు లేదా అంతకన్నా ఎక్కువ "ఔను" వస్తే డాక్టరుకు చూపించాలి.

అడిగే తీరులో ఒక మెలిక ఉంది. "చేస్తలేదు" అనేది జవాబు కాదు. ఎందుకు చేస్తలేదో అడగాలి. మోకాళ్ల నొప్పితో అవ్వ సంక్రాంతికి సకినాలు చుట్టడం మానేస్తే అది యాది సంగతి కాదు. పీట ముందు కూర్చుని, పిండిలో ఉప్పు వేసిన సంగతి మరిచి మళ్లీ ఉప్పు వేస్తే, నువ్వులు, వాము కలిపిందీ లేనిదీ కోడలిని రెండుమూడుసార్లు అడిగితే, నలభై ఏండ్లుగా తిరిగిన వేళ్లు చుట్టు మధ్యలో ఆగిపోతే, అది తప్పకుండా రాసుకోవాల్సిన సంగతి. ఎనుమాముల మార్కెట్లో పత్తి అమ్మి అడ్తిదారు కాగితం లేకుండానే లెక్క చెప్పే మనిషి, ఇప్పుడు కాగితం ఉన్నా తికమక పడుతుంటే అదీ అంతే.

తాళంచెవి ఎక్కడ పెట్టానో అని వెతుక్కుని దొరికించుకోవడం అందరికీ ఉంటుంది. తాళంచెవి బియ్యం డబ్బాలో దొరకడం, దొరికాక "కోడలే దాచింది" అనడం వేరు.

4. మూడు మాటలు, గడియారం (చదువుకున్నవాళ్లకు మాత్రమే)

మినీ-కాగ్ అనే పరీక్ష పద్ధతి ఇది. మొత్తం 5 మార్కులు.

ఒకదానికొకటి సంబంధం లేని, ఆ గదిలో కనబడని మూడు మాటలు చెప్పండి. ఉదాహరణకు: మేక, అద్దం, బావి. సెకనుకొకటి చొప్పున చెప్పి తిరిగి అనిపించండి. పలకలేకపోతే మూడుసార్ల వరకు చెప్పొచ్చు. "తర్వాత మళ్లీ అడుగుతా, యాదికుంచుకో" అనండి.

వెంటనే కాగితం ఇచ్చి, "గడియారం బొమ్మ గీసి అంకెలు వేయి" అనండి. గుండ్రం మీరే గీసి ఇచ్చినా ఫరవాలేదు. అంకెలయ్యాక, "పదకొండు గంటల పది నిమిషాలు అయినట్టు ముల్లులు పెట్టు." ఇంకో మాట వద్దు. పెద్ద ముల్లు, చిన్న ముల్లు, రెండు మీద అనే మాటలు మీ నోటి నుంచి రాకూడదు. గోడ గడియారం ముందే తీసేయండి, మీ చేతి వాచీ కూడా. మూడు నిమిషాలు దాటితే ఆపి మాటలు అడగండి.

మార్కులు: సాయం లేకుండా చెప్పిన ఒక్కో మాటకు 1. గడియారం సరిగ్గా ఉంటే 2, లేకుంటే 0; మధ్యలో 1 లేదు. సరిగ్గా అంటే పన్నెండు అంకెలూ వరుసగా, ఇంచుమించు తమ తమ చోట్ల, రెండుసార్లు పడకుండా ఉండాలి. ఒక ముల్లు 11 వైపు, ఇంకోటి 2 వైపు చూడాలి. ముల్లుల పొడుగు లెక్కలోకి రాదు, గీత వంకరైనా ఏం కాదు.

మొత్తం 3 కంటే తక్కువ వస్తే డాక్టరుకు చూపించాలి. 3 వచ్చి, ఇంటివాళ్ల మాటల్లో మార్పు కనబడినా చూపించడమే మంచిది.

ఎక్కువగా కనబడే తప్పు ఒకటుంది. ఒక ముల్లు 11 మీద పెట్టి, రెండోది పక్కనే 10 మీద పెడతారు. చెవిన పడ్డ "పది" అనే మాటే చేతిని లాగుతుంది. పది నిమిషాలంటే 2 మీద అని మార్చుకునే ఆలోచన అందదు. ఇట్లా వస్తే దిద్దొద్దు, చెరిపించొద్దు. ఆ కాగితం మీద తారీఖు వేసి దాచండి.

బడికి పోనివాళ్లకు గడియారం పరీక్ష పెట్టడం అన్యాయం. పెన్ను పట్టడం రాని చేయి వంకర గీతలు గీస్తే జబ్బు అనేస్తారు. వాళ్లకు నేరుగా ఐదో మెట్టుకు పోండి.

5. పది వస్తువులు (అందరికీ)

టవలు కింద నుంచి ఒక్కో వస్తువు తీసి చేతికివ్వండి. తాకి, చూసి, పేరు చెప్పాలి. వాళ్లు ఏ పేరంటే అదే పేరు. పదీ అయ్యాక తిరిగి కప్పేయండి. ఐదు నిమిషాలు ఆరో మెట్టు, ఏడో మెట్టు పనులు చేయించి అప్పుడు అడగండి: "టవలు కింద ఏమేం ఉన్నయ్?"

మూడు గీతలుగా రాయండి. మొదటి గీతలో వాళ్లంతట వాళ్లు చెప్పినవి. రెండో గీతలో చిన్న ఆసరా ఇస్తే చెప్పినవి ("జుట్టుకు పనికొచ్చేదొకటి ఉండె"). మూడో గీతలో పక్కన కొత్తవి రెండు పెట్టి "వీటిలో ఏది ఇందాక చూసినవ్?" అంటే గుర్తుపట్టినవి.

ఎన్ని చెప్పారన్నదానికంటే ఈ మూడు గీతల తేడా ముఖ్యం. ఆసరా ఇవ్వగానే టకటకా చెప్తే సంగతి లోపల ఉంది, బయటికి తీయడమే కష్టమవుతోంది. దిగులు, నిద్రలేమి, మాత్రల మత్తు, మెదడు రక్తనాళాల ఇబ్బందుల్లో ఇట్లా జరుగుతుంది. ఆసరా ఇచ్చినా, ముందు పెట్టినా "ఇది నేను చూడనే లేదు" అంటే, లేని వస్తువును ఉన్నట్టు చెప్తే, సంగతి లోపలికే పోలేదన్నమాట. అల్జీమర్స్ అనే, మెల్లగా ముదిరే మతిమరుపు జబ్బులో మొదట కనబడేది ఈ తీరే. దీన్ని ఆలస్యం చేయొద్దు.

ఈ ఇంటి వస్తువుల పరీక్షకు పాస్ మార్కు లేదు. మళ్లీసారి పెట్టినప్పుడు వేరే పది వస్తువులు వాడి పాత కాగితంతో పోల్చుకోవాలి.

6. ఒక నిమిషంలో జంతువులు

"ఒక నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలవో చెప్పు." పల్లెల్లో చాలామంది జంతువంటే అడవిదే అనుకుని పులి, ఎలుగు దగ్గర ఆగుతారు. కాబట్టి "ఇంటియి, అడవియి, పక్షులు, చేపలు, పురుగులు ఏవైనా సరే" అని ముందే చెప్పండి. కాగితాన్ని నాలుగు గళ్లు చేసి పదిహేను సెకన్లకొక గడిలో రాయండి. మళ్లీ చెప్పినవి లెక్కపెట్టొద్దు కానీ రాసి ఉంచండి. ఆవు అన్నది నాలుగుసార్లు వస్తే, తానే చెప్పినట్టు వాళ్లకు తెలియకపోతే, డాక్టరుకు అది పనికొస్తుంది.

పది దాటకపోతే నోట్ చేసుకోండి. ఇదొక్కటే పట్టుకుని తీర్పు చెప్పొద్దు, చదువును బట్టి ఈ సంఖ్య చాలా మారుతుంది.

7. పైసలు, రోజు, ఊరు

నోట్లు చేతికిచ్చి: "కిలో టమాటలు ముప్పై. రెండు కిలోలు తీసుకుని నూరు నోటిస్తే ఎంత తిరిగి రావాలె? ఇందులోంచి తీసియ్యి." నోటితో తప్పు చెప్పినా నోట్లు సరిగ్గా తీస్తే ఒప్పే.

తారీఖు ఒకట్రెండు రోజులు తప్పితే పట్టించుకోవద్దు, పని లేని ఇంట్లో తారీఖు ఎవరికి కావాలి? వారం, నెల, వానాకాలమా యాసంగా, పోయిన పండుగ ఏది, రాబోయేది ఏది అడగండి. మేడారం జాతర రెండేండ్లకోసారి కదా, అది పోయినేడు అయిందా, ఈ ఏడా అన్నది చదువు లేనివాళ్లకు మంచి ప్రశ్న.

"మనది ఏ జిల్లా?" అని అడిగేవాళ్లు జాగ్రత్త. 2016లో పాత వరంగల్ జిల్లా ముక్కలైంది, 2019లో ములుగు వేరైంది, 2021లో వరంగల్ అర్బన్ కాస్తా హన్మకొండ అయింది, రూరల్ ఏమో వరంగల్ అయింది. డెబ్బై ఐదేండ్ల మనిషి హన్మకొండలో కూర్చుని "వరంగల్ జిల్లా" అంటే తప్పు మతిది కాదు. ఊరు, మండలం అడగండి చాలు.

ఇక్కడ చెడిపోతుంది

పక్కనుండి అందించడం. "అవ్వా, నిన్న కూర ఏం తిన్నవ్? గదే, పచ్చగుంటది గదా, బీ తోటి..." అంటే అవ్వ బీరకాయ అనే అంటుంది. పరీక్ష అయ్యేదాకా ఇంటివాళ్లు బయట ఉండాలి. గదిలో మీరిద్దరే.

పాత సంగతులు అడిగి మురిసిపోవడం. "మా తాత తన పెండ్లి ముచ్చట్లు, కాజీపేటలో బొగ్గు రైలు ముచ్చట్లు అన్నీ చెప్తడు, యాది మంచిగనే ఉంది" అంటారు. పాతవి చాలాకాలం నిలుస్తాయి, ముందు జారిపోయేది నిన్నటి సంగతి. ఇంటివాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే.

వారం వారం పెట్టడం. అలవాటు పడి మార్కులు పెరుగుతాయి. ఇంకా పెద్ద తప్పు, ఆసుపత్రిలో వాడే అసలు పరీక్ష కాగితాలు నెట్‌లో దించి ప్రాక్టీసు చేయించడం. రేపు డాక్టరు అదే పెడితే మంచి మార్కులు వచ్చి, పట్టుకోవాల్సిన జబ్బు తప్పించుకుపోతుంది.

బాగా చదువుకున్నవాళ్ల మార్కులు నమ్మడం. రిటైరైన హెడ్‌మాస్టరు 5కు 5 తెచ్చుకుని కూడా జబ్బు మొదటి దశలో ఉండొచ్చు. అటువంటి ఇంట్లో మూడో మెట్టు జవాబులకే ఎక్కువ విలువ ఇవ్వండి.

ఫలితం చూసి ఏం చేయాలి

ఇంటివాళ్ల జవాబుల్లో రెండు లేదా అంతకన్నా ఎక్కువ "ఔను", పరీక్షలోనూ తగ్గుదల: నెలలోపు డాక్టరుకు చూపించండి. రెండింట్లో ఒకటే తేడాగా ఉంటే కూడా చూపించాలి, అయితే కంగారు లేదు. రెండూ బాగుంటే కాగితాలు దాచి ఆరు నెలలకు, అదే టైముకు, వేరే మాటలతో, వేరే వస్తువులతో మళ్లీ చూడండి. పెద్దవాళ్లకు మాత్రం "ఫెయిలైనవ్" అనే మాట అనొద్దు.

తగ్గుదల ఉన్నంత మాత్రాన అది డిమెన్షియా (రోజువారీ పనులకే అడ్డొచ్చే మతిమరుపు జబ్బు) కాదు. పనులన్నీ సొంతంగా చేసుకుంటూ యాది మాత్రం తగ్గిన దశ ఒకటుంది. అందులో కొందరు అక్కడే ఆగుతారు, కొందరు మెరుగవుతారు కూడా. సరిచేయగల కారణాలు వెతకాలనేది అందుకే: బీ12 తక్కువ కావడం (షుగర్‌కు ఏండ్లుగా మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో మరీ), థైరాయిడ్, సోడియం, దిగులు, మాత్రలు.

మాత్రల దగ్గర కాస్త ఆగండి. నిద్రకని వాడే ఆల్ప్రజోలం, జలుబుకు వాడే క్లోర్‌ఫెనిరమిన్, నరాల నొప్పికి అమిట్రిప్టిలిన్, వణుకుకు ట్రైహెక్సీఫెనిడిల్, మూత్రం ఆగకుంటే ఇచ్చే ఆక్సీబ్యుటినిన్, ఇవన్నీ పెద్ద వయసులో యాదిని మసకబార్చేవే. గ్లిమిపిరైడ్ ఎక్కువై షుగర్ పడిపోతున్నా తికమక వస్తుంది. మీరై మీరు ఆపొద్దు. ముఖ్యంగా ఆల్ప్రజోలం ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు.

డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు

ఇంట్లో ఉన్న మాత్రల షీట్లన్నీ ఒక కవర్లో వేసుకోండి. ఆర్ఎంపీ ఇచ్చినవి, మెడికల్ షాపులో అడిగి తెచ్చినవి, ఆయుర్వేదం పొడులు కూడా. మార్పు మొదట ఎప్పుడు కనబడిందో యాది తెచ్చుకుని, తేదీతో ఒక పేజీ రాయండి: "పోయిన బతుకమ్మకు తంగేడు వరుస తప్పింది, ఉగాదికి పింఛను రెండుసార్లు అడిగింది" అని పండుగల గుర్తుతో రాసినా సరే. గడియారం కాగితం, వస్తువుల కాగితం జత చేయండి.

"బలం ఇంజక్షన్" పేరుతో బీ12 సూది ముందే వేయించొద్దు. వేయిస్తే రక్తంలో బీ12 ఎక్కువ చూపిస్తుంది, లోటు ఉందో లేదో ఇక తెలియదు. ముందు రక్తం ఇవ్వండి, తర్వాతే సూది. సాధారణంగా రాసే పరీక్షలు: హిమోగ్లోబిన్, బీ12, థైరాయిడ్, షుగర్, సోడియం, క్రియాటినిన్, తలకు సీటీ లేదా ఎంఆర్ఐ.

న్యూరాలజిస్టు గానీ, సైకియాట్రిస్టు గానీ చూస్తారు. సైకియాట్రీ అనగానే జంకొద్దు. వరంగల్‌లో ఎంజీఎం, హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రులు ఉన్నాయి. తెలుగులో తయారైన పెద్ద పరీక్షలు ఉన్నాయి: 100 మార్కుల ఏసీఈ-3, 30 మార్కుల మోకా. ఐసీఎంఆర్ (దేశ వైద్య పరిశోధన సంస్థ) ఐదు భారతీయ భాషల్లో తయారుచేసిన పరీక్షల సెట్టులో తెలుగు ఒకటి. "తెలుగులో పెట్టండి, చదువు ఇంతవరకే" అని మీరే చెప్పాలి. ఎక్కడికి పోవాలో తోచకపోతే వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567, మనసు ఇబ్బందులకు టెలీ మానస్ 14416.

పెద్దాయనతో పాటు లోపలికి ఒక్కరే వెళ్లండి, రోజూ ఆయనతో ఉండే మనిషి. పెద్దాయనను అడిగిన ప్రశ్నకు మీరు జవాబు చెప్పొద్దు. ఆయన సమాధానం కోసం మీ వైపు తల తిప్పి చూస్తే చూడనీయండి. డాక్టరు అది కూడా గమనిస్తారు. మీరు చెప్పాల్సినవి ఆయన ముందు చెప్పలేనివైతే ఆ పేజీని మడిచి టేబుల్ మీద పెట్టండి.